శ్యామల నెట్ సెంటర్‌లో గాలిమోటరు

విమానం ముక్కు కిందికి పెట్టి నేలకు గుద్దుకోవడం లిదియాకు అలవాటైపోయింది. నెట్ సెంటర్ నడిపే శ్యామలకు మాత్రం ఇంకా అలవాటు కాలేదు. మూలనున్న కంప్యూటర్లోంచి ధడేలుమని చప్పుడు వచ్చినప్పుడల్లా కౌంటరు వెనక ఉలిక్కిపడేది.

"మళ్ల పడ్డదానే?"

"పడ్డది శ్యామలక్కా."

"లోపట మంది ఎవరన్న ఉన్నరా?"

"ఎవ్వరు లేరక్కా. ఉత్త బొమ్మ."

"బొమ్మయితే ఏంది, జర సౌండు తగ్గించు. గీడికొచ్చేటోళ్ల మొగళ్లందరు గాలిమోటరెక్కి పోయినోళ్లే."

ఆ మాట నిజమే. 2007 ఎండాకాలం అది. ఆర్మూరు బస్టాండు ఎదురుసందులో, పసుపు కొనే కమీషన్ దుకాణం మీది అంతస్తులో ఉండేది ఆ సెంటర్. కింద బస్తాలు దించుతుంటే ఘాటు మెట్ల మీదుగా పైకి కొట్టి, వచ్చేవాళ్లలో సగంమంది తుమ్ముకుంటూ అడుగుపెట్టేవారు. ఎక్కువగా ఆడవాళ్లే. మస్కట్‌లోనో దుబాయిలోనో ఉన్న భర్తలతో చాటింగ్ చేయడానికి, కెమెరాలో పిల్లల్ని చూపించడానికి వచ్చేవారు. శ్యామల భర్త కూడా బహ్రెయిన్‌లోనే ఉన్నాడు. ఆయనతో మాట్లాడుకుందామని ఆమె ఒక కంప్యూటర్ కొనుక్కుంటే, వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి దాని ముందు వరుస కట్టారు. ఇక లాభం లేదని బోర్డు పెట్టేసింది.

లిదియా నిజామాబాదులో ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. తండ్రి ప్రభుదాస్ ఆర్మూరుకూ పెర్కిట్‌కూ మధ్య ఆటో నడుపుతాడు. క్లాసులో చాలామంది అమీర్‌పేటకు పోయి, పండక్కి చొక్కా కొన్నట్టు తయారుగా ఉన్న ప్రాజెక్టులు కొనుక్కొచ్చారు. లిదియాకు అది నచ్చలేదు. గైడు సారు దగ్గరున్న పేర్లలో ఎవరూ ముట్టుకోనిది ఒకటి ఏరుకుంది: విమాన గమనాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌ను ఇంజనీరింగ్ మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌తో అనుసంధానించుట. సారు ఆ పేరును రెండుసార్లు చదువుకుని, "నీకెందుకమ్మా ఈ గోల, ట్రాఫిక్ లైట్లది తీస్కో" అన్నాడు. ఆ ఒక్కమాటతో లిదియా మొండికేసింది.

పని వినడానికి చిన్నదే. ఒక కంప్యూటర్లో విమానాన్ని ఎగరేసే సాఫ్ట్‌వేర్ ఉంటుంది. గాలి ఎంత ఎత్తుతోంది, బరువు ఎంత లాగుతోంది, ఇంజను ఎంత తోస్తోంది అని లెక్కలేసి, విమానం ఎక్కడుందో ఎటు వాలిందో క్షణక్షణం తేలుస్తుంది. రెండో కంప్యూటర్లో మోడలింగ్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది. అందులో లిదియా డబ్బాలు గీసి, వాటిని గీతలతో కలిపి, విమానాన్ని ఒకే ఎత్తులో నిలిపే ఆటోపైలట్‌ను తయారుచేసింది. ఇప్పుడీ రెంటినీ ఒక కేబుల్‌తో కలపాలి. "నేనింత ఎత్తులో ఉన్నాను" అని మొదటిది చెప్పాలి. "అయితే ముక్కు ఇంత లేపు" అని రెండోది జవాబివ్వాలి. విడివిడిగా చూస్తే రెండూ బంగారంలాంటివి. కలిపితే మాత్రం ఒకటి ఎండకు లాగేది, ఒకటి నీడకు లాగేది.

కాలేజీ ల్యాబులోని కంప్యూటర్లకు బొమ్మ గీసే సత్తువ లేదు. ఇంట్లో అసలు కంప్యూటరే లేదు. అందుకే శ్యామలను బతిమాలుకుంటే, మధ్యాహ్నాలు జనం పలచగా ఉండే వేళ మూలనున్న రెండు కంప్యూటర్లు వాడుకోమంది. అందుకు బదులుగా మిగతావాటికి పట్టిన వైరస్‌లు వదిలించడం లిదియా వంతు.

అలాంటి ఒక మధ్యాహ్నం ఆలూరునుంచి గంగమణి తన భర్తను చేయిపట్టి లాక్కుంటూ మెట్లెక్కించుకొచ్చింది. గంగమణి బీడీలు చేస్తుంది. భర్త పోచయ్య కిరాయికి ట్రాక్టరు తోలతాడు. అతనికి దుబాయి వీసా వచ్చింది, డ్రైవరు పనికే. చుట్టాలందరికీ చెప్పుకోవడం అయిపోయింది, కొత్త సూట్‌కేసు కూడా వచ్చింది. అప్పుడు పోచయ్య నోరు విప్పి ఒకే మాటన్నాడు, గాలిమోటరెక్కనని.

"మేడం, గాలిమోటరు నడిపిచ్చేది నువ్వేనా?" అంది గంగమణి.

"మేడం ఏంది అక్కా, నా పేరు లిదియా."

"మంచిది బిడ్డా. గీ మనిషికి జర సూపెట్టు. బాయిల దిగుమంటె దిగుతడు, తాడిచెట్టు ఎక్కుమంటె ఎక్కుతడు. గాలిమోటరంటె సలిజరమొచ్చినట్టు వణుకుతడు. అది పడదని ఒక్కపారి సూపెట్టు, సాలు."

పోచయ్యకు రోషం వచ్చింది. "బుగులు కాదే! బండి ఇంకొకని చేతులుంటె నాకు నడ్వది. బస్సెక్కినా నేను డ్రైవరు పక్కన్నే నిలవడ్త. గాలిమోటరు తోలెటోని మొఖమన్న కనవడదంట గదా, తలుపేసుకుంటడంట."

"ఇప్పుడు కాదు, తర్వాత రండి" అని అనాల్సింది లిదియా. కానీ ఇన్నాళ్లలో తన ప్రాజెక్టు చూడటానికి మెట్లెక్కి వచ్చిన మొదటి మనుషులు వీళ్లు. కుర్చీ జరిపి పోచయ్యను కూర్చోబెట్టింది. విమానాన్ని రన్‌వే మీద పరుగెత్తించి, పైకి లేపి, ఆటోపైలట్ చేతికిచ్చింది. విమానం ఒక్క క్షణం ఆలోచించి ముక్కు కిందికి పెట్టింది.

ధడేల్!

పోచయ్య లేచి నిలబడ్డాడు. "సూసినవా?" అన్నాడు భార్యతో. ఆ గొంతులో భయంకన్నా, తన మాటే గెలిచిందన్న సంబరమే ఎక్కువగా ఉంది. తలపాగా సర్దుకుని చకచకా మెట్లు దిగిపోయాడు.

గంగమణి మాత్రం కదల్లేదు. నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఏంది బిడ్డా గిది?"

"అక్కా, నిజం విమానాలు గిట్ల పడవు. నేను చేసినదాంట్ల ఏదో తప్పున్నది."

"గది ఆయనకెట్ల జెప్పాలె? కండ్లార సూసిండాయె. ఆగం జేసింది నువ్వు, సక్కజేసుడు గూడ నువ్వే. గురువారం సంతకొస్తం. గప్పటికి గది పడొద్దు."

కాలేజీలో ప్రాజెక్టు పరీక్ష దగ్గర పడుతోంది. అయినా ఆ క్షణంనుంచి లిదియాకు పరీక్షకన్నా గంగమణి అంటేనే ఎక్కువ భయమైంది.

మర్నాడు ఆటోపైలట్‌ను పక్కనపెట్టి, డబ్బాల వైపునుంచి ఒక్క అంకె మాత్రం పంపి చూసింది. కూడిక గుర్తుతో పంపితే ముక్కు దిగింది. తీసివేతతో పంపితే ముక్కు లేచింది. లిదియా కుర్చీలో వెనక్కి వాలి నెత్తి కొట్టుకుంది. తన లెక్కలో కూడిక అంటే ముక్కు పైకి. విమానం లెక్కలో కూడిక అంటే తోకరెక్క కిందికి. తోకరెక్క కిందికి వాలితే తోక లేస్తుంది, ముక్కు దిగుతుంది. పాపం ఆటోపైలట్ "పడిపోతున్నాం, లేపు, లేపు" అని ఎంత గట్టిగా అరిస్తే విమానం అంత బుద్ధిగా కిందికి దూకుతోంది. ఇన్నాళ్లూ ఒకరి భాష ఒకరికి తిరగబడి వినిపించింది. మధ్యలో ఒక తీసివేత గుర్తు పెట్టేసరికి విమానం నిలబడింది.

గురువారం గంగమణి భర్తతోపాటు సంతకొచ్చిన ఇంకో నలుగురిని కూడా తోలుకొచ్చింది. పక్క కంప్యూటర్లో మస్కట్‌తో చాటింగ్ చేస్తున్న లసుంబాయి కూడా కుర్చీ ఇటు తిప్పుకుంది. విమానం లేచింది. ఎత్తుకు చేరింది. కదలకుండా సాగింది. పోచయ్య ఊపిరి వదిలాడు. గంగమణి అందరివైపూ గర్వంగా చూసింది.

అంతలో విమానం మెల్లగా తల ఊపింది. ముక్కు కొంచెం లేపి, కొంచెం దించింది. మళ్లీ ఇంకొంచెం ఎక్కువ లేపి, ఇంకొంచెం ఎక్కువ దించింది. కాసేపటికి జాతరలో రంగులరాట్నం లెక్కన పైకీ కిందికీ ఊగసాగింది. పోచయ్య కుర్చీ చేతులు పట్టుకుని, అది లేస్తే ముందుకూ దిగితే వెనక్కూ ఒరిగిపోతున్నాడు.

"బ్రేకు! బ్రేకు కొట్టు బిడ్డా!"

ధడేల్!

శ్యామలే ముందు తేరుకుంది. "మొన్నటికన్న నయమే. జరసేపు మీద ఉన్నది."

"జరసేపా?" అన్నాడు పోచయ్య. "దుబాయి జరసేపట్ల వస్తదా?"

వెళ్తూ వెళ్తూ గంగమణి లిదియా చెవిలో చెప్పింది. "మంగళవారం టికెట్టు. ఆదివారం ఆఖరిపారి తోల్కస్త."

ఈసారి తప్పు దొరకలేదు. గుర్తులన్నీ సరిగానే ఉన్నాయి. డబ్బాలు, గీతలు అన్నీ సరిచూసింది. మొదలుపెట్టగానే చక్కగా ఎగిరే విమానం, సేపు గడిచేకొద్దీ ఎందుకు పాడవుతుందో అర్థం కాలేదు. మనిషైతే అలిసిపోయాడనుకోవచ్చు. లెక్కకు అలుపేమిటి? శనివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ఫ్యాను నత్తలా తిరుగుతుంటే, తెర మీద ఊగుతున్న విమానాన్ని చూస్తూ లిదియా గోళ్లు కొరుక్కుంటోంది.

అప్పుడే పక్కనుంచి లసుంబాయి గొల్లుమంది.

"బిడ్డా లిదియా, జర గిటు రా. గీయన నన్ను ఊకె తిడ్తుండు. నేనేమన్లే."

లసుంబాయి ఒక్క వేలితో, ఒక్కో అక్షరాన్ని ఏరుకుంటూ రాస్తుంది. మస్కట్‌లోని ఆమె భర్త గంగారాం పది వేళ్లతో ధనధన కొడతాడు. లిదియా వంగి మొదటినుంచి చదివింది. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి.

'జ్వరం తగ్గిందా?' అని గంగారాం అడిగాడు. జవాబు వచ్చేలోపే, 'మీ అమ్మగారింటికి పోయినవా?' అన్నాడు. ఆ వెంటనే మనసులోని మాట బయటపెట్టాడు. 'నా మీద పాణం ఉన్నదా?'

దాని కింద లసుంబాయి జవాబు ఉంది. 'తగ్గింది.'

'తగ్గిందా? ఎందుకు తగ్గింది? ఎవ్వలన్న ఏమన్న జెప్పిండ్రా?'

లసుంబాయి: 'పోలే. బర్రె ఈనింది.'

లిదియా పొట్ట పట్టుకుని నవ్వింది. లసుంబాయి బిక్కమొహం వేసింది. "ఆయన అడిగినయన్నిటికి వరుసబెట్టి జెప్తున్న. ఒక్కటి గూడ ఇడిసిపెట్టలే."

"గదే తప్పక్కా! నువ్వు పాతదానికి చెప్తున్నవు, అన్న ఎప్పుడో ముందటికి పోయిండు. అన్ని ఇడిసిపెట్టు. ఆఖరిదొక్కటి చదివి, దానికే..."

మాట మధ్యలోనే ఆగిపోయింది. లిదియా తన కంప్యూటర్ వైపు చూసింది.

విమానం సెకనుకు ఎన్నోసార్లు కబురు పంపుతోంది. మోడలింగ్ సాఫ్ట్‌వేర్ దానికన్నా నిదానంగా చదువుతోంది. చదవనివన్నీ దాని గడపలో వరుసగా పేరుకుంటున్నాయి. అది మహా బుద్ధిమంతురాలిలా ఒక్కటీ వదలకుండా, అన్నిటికన్నా పాతదానికి జవాబిస్తోంది. మొదట్లో కబురు తాజాగా ఉంటుంది కాబట్టి విమానం బాగానే ఎగురుతుంది. పోనుపోను కబురు పాతబడుతుంది. విమానం అప్పటికే పైకి లేచిపోయినా, ఎప్పుడో దిగినప్పటి మాటకు "లేపు" అని జవాబు వస్తుంది.

లిదియా ఒక్క గెంతులో తన కుర్చీలో పడింది.

"ఆఖరిదానికేం రాయాలె బిడ్డా?" అని వెనకనుంచి లసుంబాయి అరిచింది.

"ఉన్నదని రాయక్కా!" అంది లిదియా తల తిప్పకుండానే.

పాత కబుర్లన్నీ పారేసి, చివరి కబురు ఒక్కటే చదివేలా మార్చడానికి ఎక్కువసేపు పట్టలేదు. విమానం లేచింది. తీగ లాగినట్టు సాగింది. ఊగుతుందేమోనని లిదియా ఊపిరి బిగపట్టి చూసింది. ఊగలేదు. ఇన్వర్టర్ కీచుకీచుమని అరిచి ఆరిపోయేదాకా విమానం అలాగే పోతూ ఉంది. చీకటి తెర ముందు కూర్చుని లిదియా ఒక్కతే చప్పట్లు కొట్టుకుంది. ఎందుకో తెలియకపోయినా శ్యామల కూడా కొట్టింది.

ఆదివారం చర్చి అయ్యాక, తెల్లచీరలోనే లిదియా సెంటర్‌కు వచ్చింది. పోచయ్య అప్పటికే కూర్చుని ఉన్నాడు, దవాఖానలో సూదికోసం కూర్చున్నట్టు. విమానం లేచింది, నిలబడింది. చాయ్ వచ్చింది. తాగేశారు. విమానం ఇంకా పోతూనే ఉంది. గంగమణి ఆవులించింది. పోచయ్య మాత్రం రెప్పవేయకుండా చూస్తున్నాడు.

"మంచిగనే పోతుంది," అని చివరికి ఒప్పుకున్నాడు. గంగమణి చేతులెత్తి దండం పెట్టబోయింది. అంతలో అతనే అడిగాడు. "మరి దిగుడెట్ల?"

"నా ప్రాజెక్టుల దిగుడు లేదన్నా. ఎత్తు మీద నిలవెట్టుడు వరకే."

"దిగుడు లేదా! ఎక్కినోడు మీదనే ఉంటడా?"

"దించుడు చేతితోని చెయ్యాలె."

"ఎవ్వలు?"

లిదియా ఇన్నాళ్లలో విమానాన్ని ఒక్కసారి కూడా దించలేదు. దించే అవసరం రాకుండా అదే పడిపోయేది. ఆమె ముఖం చూడగానే పోచయ్యకు సంగతి తెలిసిపోయింది. కాసేపు తెరవైపు, కాసేపు కీబోర్డు వైపు చూశాడు. తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"జరుగు బిడ్డా. స్టీరింగేది?"

"గీ బాణం గుర్తులే అన్నా. కిందిది నొక్కితె ముక్కు లేస్తది. మీదిది నొక్కితె దిగుతది."

"ఉల్టనా?"

"ఉల్టనే."

"రేసు ఇచ్చేదేది?"

"గది నేను చూస్కుంట. నువ్వు ముక్కు చూడు."

ఇద్దరూ భుజం భుజం ఆనించుకుని కూర్చున్నారు. ఆటోపైలట్ ఆపేయగానే విమానం ఒక పక్కకు ఒరిగింది. "ఓ... ఓ... ఆగు!" అంటూ పోచయ్య ఎద్దుల్ని అదిలించినట్టు అదిలించాడు. నేల దగ్గరకొస్తోంది. రన్‌వే ఎడమకు జరిగిపోతోంది. గంగమణి కళ్లు మూసుకుంది. శ్యామల కౌంటరు మీదికి ఎగబాకి చూస్తోంది. లిదియా ఇంజను తగ్గించింది. పోచయ్య నాలుక కరచుకుని, కింది బాణాన్ని పిల్లి ఒళ్లు దువ్వినట్టు మెల్లగా నొక్కాడు. చక్రాలు తగిలాయి. విమానం ఎగిరింది, మళ్లీ తగిలింది. రన్‌వే పక్కనున్న గడ్డిలోకి దిగి, చాలాదూరం గెంతుకుంటూ పోయి, అడ్డంగా తిరిగి ఆగింది.

"సౌండు రాలేదేందే?" అంది శ్యామల.

"పడలేదక్కా!" అని లిదియా అరిచింది. "దిగింది!"

పోచయ్య నుదుటి చెమట తుడుచుకున్నాడు. "సడక్ తప్పింది. పొలంల దిగింది." తలపాగా మళ్లీ చుట్టుకుంటూ, "పొలంల దించుడు మనకు అలవాటేనాయె," అన్నాడు.

అందరూ నవ్వుతుంటే లిదియాకు లోపల ఒక గుబులు మిగిలింది. ఈయన రేపు విమానంలో కీబోర్డు అడిగితే? చెప్పకపోతే తప్పనిపించింది.

"అన్నా, ఆడ నీకు స్టీరింగు ఇయ్యరు."

"ఎరుకే బిడ్డా. గింత సేపట్లనే నా అంగి తడిసింది. ఆని పని ఆన్నే జేసుకోనీ. నాకెందుకు నడుమ?"

మంగళవారం పోచయ్య బేగంపేట విమానాశ్రయానికి వెళ్లే కారెక్కిన పూటే, లిదియా శ్యామల కంప్యూటర్లు రెంటినీ తండ్రి ఆటోలో కాలేజీకి మోసుకెళ్లి ప్రాజెక్టు పరీక్షకు నిలబడింది. బయటి కాలేజీనుంచి వచ్చిన పెద్దమనిషి విమానాన్ని చాలాసేపు చూశాడు. కళ్లద్దాలు సర్దుకుని, "మొదట బాగుండి తర్వాత ఊగేదన్నావు కదా, కారణం ఎలా పట్టుకున్నావు?" అని అడిగాడు.

"బర్రె..." అనేసి లిదియా నాలుక కరచుకుంది. "బఫర్ సార్. పాత డేటా బఫర్‌లో నిండిపోయింది."

గైడు సారు అనుమానంగా చూశాడు. పెద్దమనిషి మాత్రం తల ఊపి మంచి మార్కులే వేశాడు. గుర్తు తిరగబడటం గురించి ఆమె చెప్పినప్పుడు, తను కూడా ఒకప్పుడు అలాగే నెలరోజులు నెత్తి పట్టుకున్నానని చెప్పి నవ్వాడు.

మర్నాడు మధ్యాహ్నం శ్యామల కౌంటరు మీది ఫోను మోగింది. గంగమణి పొద్దుటినుంచీ దాని పక్కనే స్టూలేసుకుని కూర్చుంది. శ్యామల స్పీకరు నొక్కింది. లిదియా, లసుంబాయి దగ్గరకు జరిగారు.

"చేరుకున్న," అన్నాడు పోచయ్య. గొంతు ఎక్కడో గొట్టంలోంచి వచ్చినట్టు వినిపించింది.

"ఎట్లున్నది గాలిమోటరు? ఊగిందా? ముక్కెట్ల లేపిండ్రు?" అని గంగమణికన్నా ముందు లిదియా అడిగేసింది.

"ఏమో బిడ్డా."

"ఏమో అంటె?"

"పండుకున్న. మూడు నాలుగొద్దుల సంది కండ్ల మీద కునుకు లేదాయె. పట్టీ కట్టుకున్ననో లేదో, నిద్రవట్టింది. దిగినంక పక్కాయన లేపిండు."

ఇన్ని మధ్యాహ్నాలు, ఇన్ని ధడేళ్లు, తీరా చూస్తే మనిషి గుర్రుపెట్టి నిద్రపోయాడు. మొదట లిదియాకు ఉక్రోషం వచ్చింది. తర్వాత నవ్వు మొదలై, ఆపుకుందామంటే ఆగలేదు.

"మరి బువ్వ పెట్టలేదా?" అంది గంగమణి.

"పెట్టిండ్రంట. నాది గూడ పక్కాయన్నే తిన్నడు."

"నీ నిద్ర పాడుగాను! ఒక్కపారి లేసి తినస్తలేదా? కడుపుల ఏం లేకుంటనే దిగినవా? ఆడ ఏమన్న తిన్నవా? అడిగినదానికి చెప్పు ముందు!"

"తిన్న, తిన్న. కబ్జు తిన్న. రొట్టె అన్నట్టు."

లైను గరగరలాడి తెగిపోయింది. గంగమణి ఫోను వైపు చూస్తూ, "గీ మనిషి గింతే" అని తిట్టింది. కొంగుతో ముఖమంతా తుడుచుకుని, ముక్కు చీది, మళ్లీ ఒకసారి తిట్టింది. తర్వాత ఆమె లేచి, లసుంబాయి పక్కన ఖాళీగా ఉన్న కంప్యూటర్ ముందు కూర్చుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కీబోర్డును ఎగాదిగా చూసింది.

"బిడ్డా, గీ అక్షరాలు గిట్ల కలెగలుపుగ ఎందుకు వెట్టిండ్రు?"

"ఏమో అక్కా, నాక్కూడ తెల్వది," అంటూ లిదియా కుర్చీ జరుపుకుని పక్కన కూర్చుంది. "ముందుగాల నీ పేరు రాద్దాం. జీ యాడున్నదో దేవులాడు."